దెబ్బకీ దెబ్బకీ మధ్య విశ్రాంతి

బ్లాండీ అనే అమెరికన్ రాక్ బృందంలో డ్రమ్స్ వాయించిన క్లెమ్ బర్క్‌ మీద ఇద్దరు బ్రిటిష్ క్రీడాశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలన జరిపారు. ఒకరు చిచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ స్మిత్, రెండోవారు గ్లోస్టర్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ డ్రేపర్. కచేరీ సాగుతున్నంతసేపూ బర్క్ గుండె ఎలా కొట్టుకుంటోందో కొలిచి, 2008లో ఆ లెక్కలు బయటపెట్టారు. నిమిషానికి సగటున 140 నుంచి 150 సార్లు, ఉధృతంగా వాయించే చోట 190 దాకా. గంటకు కరిగే కెలోరీలు 400 నుంచి 600. అప్పటికి బర్క్‌కు యాభై దాటాయి. పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడికి ఉండాల్సినంత దమ్ము డ్రమ్మర్‌కీ ఉండాలని పత్రికలు రాశాయి. నిజానికి డ్రమ్మర్ కష్టం ఒకందుకు ఇంకా ఎక్కువే. ఫుట్‌బాల్ ఆటగాడు వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడతాడు. యాత్ర మీదున్న బృందంలో డ్రమ్మర్ దాదాపు రోజూ రాత్రి వాయించాలి.

అయితే గుండె వేగం ఒక్కటే చూసి శ్రమను అంచనా కట్టకూడదు. వేదిక మీది దీపాల వేడికీ, ఎదురుగా ఉన్న జనం ఇచ్చే హుషారుకూ కూడా గుండె పరుగెడుతుంది. ఇంకో సంగతి శరీరధర్మ శాస్త్రం చెబుతుంది. కాళ్లతో చేసే పనినీ చేతులతో చేసే పనినీ పోల్చి చూస్తే, ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్ రెండింటిలో సమానమైనా, చేతి పనికే గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటూ ఎక్కువ పెరుగుతుంది. చేతి కండరాలు చిన్నవి. చిన్న కండరం మీద పెద్ద భారం పడితే నాడీవ్యవస్థ గుండెను గట్టిగానే తరుముతుంది. అందుకే డ్రమ్మర్ గుండె చూపించే 150నీ, మైదానంలో పరుగెత్తేవాడి గుండె చూపించే 150నీ ఒకే గాటన కట్టలేం. ఈ తేడా తెలిసిన పరిశోధకులు తర్వాత మరికొందరు డ్రమ్మర్లను ప్రయోగశాలకు పిలిచి, డ్రమ్స్ వాయిస్తుండగానే వాళ్లు పీల్చే ఆక్సిజన్ కొలిచి, దాన్నిబట్టి కచేరీ శ్రమను లెక్కగట్టారు. అప్పుడూ గంటకు 600 కెలోరీల చుట్టుపక్కలే తేలింది. కదలకుండా కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చుకు ఇది దాదాపు ఎనిమిది రెట్లు. ఒక మోస్తరు పరుగుతో సమానం. అంటే శ్రమ నిజమైనదే, హుషారు చూపించిన మాయ కాదు.

ఇంత శ్రమలో ముందు చేతులెత్తేసేది మాత్రం గుండె కాదు, ఊపిరితిత్తులూ కాదు. వేగమైన పాట రెండు నిమిషాలు సాగేసరికి ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. వేళ్లు మాట వినవు. స్టిక్ జారిపోతుందేమోనని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాం. దాంతో పని పూర్తిగా చెడుతుంది.

ఎందుకంటే కండరం బిగుసుకున్నప్పుడు తన లోపలి రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. నీళ్ల పైపును కాలితో తొక్కిపట్టినట్టే. పట్టు కండరం బలంలో పావు వంతు దగ్గరికి చేరేసరికే రక్తప్రవాహానికి అడ్డు మొదలవుతుంది. సగం దాటి పోతే ప్రవాహం దాదాపు ఆగిపోయే స్థితి వస్తుంది. కొత్త ఆక్సిజన్ రాదు, పుట్టిన వ్యర్థాలు బయటికి పోవు. ముంజేతిలో పుట్టే మంట అదే. అదే కండరం బిగుసుకుని, వెంటనే సడలి, మళ్లీ బిగుసుకుంటే ఇబ్బంది లేదు. సడలిన ఆ క్షణంలో రక్తం లోపలికి దూసుకొస్తుంది. ఆ క్షణం సెకనులో ఇరవయ్యో వంతే అయినా సరే, ప్రతి దెబ్బ తర్వాతా అది దొరుకుతుంటే కండరం బతికిపోతుంది. డ్రమ్స్ దమ్మంతా ఈ చిన్న విరామాల్లోనే ఉంది. బలం పెంచుకోవడం దీని తర్వాతి సంగతి.

దీనికి జపాన్ పరిశోధకులు 2009లో మంచి సాక్ష్యం చూపించారు. డ్రమ్స్ అలవాటు లేనివాళ్లనూ, మామూలు డ్రమ్మర్లనూ, వేగపు పోటీలో ప్రపంచ విజేతగా నిలిచిన ఒక డ్రమ్మర్‌నూ తీసుకుని, ఒంటిచేత్తో వీలైనంత వేగంగా కొట్టమన్నారు. మణికట్టును కిందికి వంచే కండరంలోనూ, పైకి లేపే కండరంలోనూ పుట్టే విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. అలవాటు లేనివాళ్లలో ఈ రెండు కండరాలూ ఒకేసారి బిగుసుకుని ఒకదానితో ఒకటి పెనుగులాడాయి. విజేత చేతిలో మాత్రం అవి వంతులు వేసుకున్నాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఊరుకుంది. ఆయన ఒంటిచేత్తో సెకనుకు పది దెబ్బలు కొట్టగలడు. ఈ పోటీల్లో రెండు చేతులతో నిమిషానికి 1,200 దెబ్బలు దాటినవాళ్లూ ఉన్నారు.

సడలింపుకు డ్రమ్ కూడా సాయం చేస్తుంది. బిగించిన చర్మం మీదో, ప్లాస్టిక్ పొర మీదో స్టిక్ పడితే అది దానంతటదే పైకి లేస్తుంది. అలా లేవడాన్ని వేళ్లు అడ్డుకోకపోతే స్టిక్‌ను పైకి లాగే కష్టం చాలావరకు తప్పుతుంది. అమెరికాలో శాన్‌ఫోర్డ్ మోలర్ అనే గురువు 1925లో అచ్చువేసిన పాఠ్యపుస్తకంలో పాత సైనిక డ్రమ్మర్ల పద్ధతి ఉంది. మణికట్టుతో బాదడం కాదు, ముంజేయిని కొరడాలా ఆడించి ఒక్క ఊపులో రెండు మూడు దెబ్బలు రాబట్టడం. ఆయన 1930లో న్యూయార్క్ నుంచి బోస్టన్ దాకా డ్రమ్ వాయిస్తూ నడిచి వెళ్లాడు. తన పద్ధతికి అంతకు మించిన ప్రకటన ఇంకేం కావాలి!

సాధనలో తాళం వేగాన్ని నిలిపి చూపే మెట్రోనోమ్ ఉండితీరాలి. దాన్ని హాయిగా వాయించగలిగే వేగంలో పెట్టుకుని, ముందు నిడివి పెంచాలి. అదే వేగంలో పది నిమిషాలు చేయి బిగుసుకోకుండా సాగితే, అప్పుడు వేగం నిమిషానికి నాలుగైదు మాత్రలు పెంచాలి. మంట పుట్టినా పళ్ల బిగువున వాయిస్తూనే ఉండమని కొందరు గురువులు చెబుతారు. నాకది ఒప్పు అనిపించదు. బిగుసుకున్న చేత్తో సాధన చేస్తే మెదడు నేర్చుకునేది ఆ బిగువునే. బిగువు మొదలైన చోట ఆగి, చేయి విదిల్చి, వేగం తగ్గించి మళ్లీ ఎత్తుకోవడం మేలు. దిండు మీద వాయించే అలవాటు కొందరికి ఉంది. దిండు స్టిక్‌ను తిరిగి లేపదు కాబట్టి పైకి లేపే కండరానికి వ్యాయామం దొరుకుతుంది. రెండు మూడు నిమిషాలకు ఫర్వాలేదు గానీ, అదే సాధన అనుకుంటే స్టిక్ తిరిగి లేవడాన్ని వాడుకునే నేర్పు అబ్బదు. ఊపిరి సంగతీ గమనించాలి. కష్టమైన చోటు రాగానే చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు.

కాళ్ల గురించి తక్కువ మాట్లాడతాం. రెండు పాదాలూ పెడళ్ల మీద ఆడుతుంటే స్టూలు మీద ఒంటిని నిలబెట్టేది నడుమూ పొట్టా కండరాలే. నడుము అలిసిపోతే వీపు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, చివరికి భారం మళ్లీ మణికట్టు మీదికే వస్తుంది. స్టూలు ఎత్తు సరిచూసుకోవడం కూడా దమ్ము పెంచుకోవడంలో భాగమే.

మరి పరుగు వల్ల ఉపయోగం లేదా? ఉంది. జపాన్‌లోని సాడో ద్వీపంలో డెన్ తగయాసు స్థాపించిన ఒండెకోజా బృందానికి తైకో అనే డ్రమ్మూ పరుగూ వేర్వేరు కావు. వాళ్లు 1975లో బోస్టన్ మారథాన్ పరుగెత్తి, గీత దాటగానే డ్రమ్ముల ముందు నిలబడి వాయించారు. అదే మూలం నుంచి 1981లో పుట్టిన కోడో బృందంలో ఇప్పటికీ శిక్షణకు వచ్చినవాళ్లు పరుగుతోనే మొదలుపెడతారు. పరుగు గుండెకు ఓపికనిస్తుంది, రెండు పాటల మధ్య త్వరగా తేరుకునేలా చేస్తుంది. ముంజేతి కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగాలంటే మాత్రం ఆ ముంజేతితోనే పనిచేయాలి. ఆ పని పరుగు చేయలేదు.

మన డప్పు కళాకారులకు కాళ్ల శ్రమా ముంజేతి శ్రమా రెండూ ఒకేసారి పడతాయి. బోనాల ఊరేగింపులో డప్పు వాయించేవారు నడుస్తూ, చిందేస్తూ గంటల తరబడి ఆగరు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. డప్పు బరువును భుజానికి వేసుకున్న పట్టీ మోస్తుంది. పట్టీ వదులై ఆ బరువు ఎడమ ముంజేతి మీద పడిందంటే, చెయ్యి సడలే క్షణమే దొరకదు, పుల్ల నెమ్మదిస్తుంది. పట్టీ పొడవు సరిచూసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పైన చెప్పిన రక్తప్రవాహం కథంతా అందులో ఉంది. ఎండలో ఇంత పనిచేసేవారికి ఉప్పేసిన మజ్జిగ ఉత్త నీళ్లకంటే మేలు. చెమటతో పోయే ఉప్పు అందులో తిరిగొస్తుంది.

ఇక తొందరపాటు. కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టిపడేసే స్నాయువుకు రక్తం తక్కువగా అందుతుంది, అందుకే అది నెలల తరబడి మెల్లగా మారుతుంది. కండరానికి శక్తి వచ్చిందని సాధనను ఒక్కసారిగా రెట్టింపు చేస్తే దెబ్బ తగిలేది స్నాయువుకే. మణికట్టు వాపు, వేళ్లలో తిమ్మిరి అలా మొదలవుతాయి. తిమ్మిరి వచ్చిందంటే అది కండరం అలుపు కాదు, నరం మీద ఒత్తిడి. అలాంటప్పుడు సాధన ఆపి వైద్యుణ్ణి కలవాలి. చాలాకాలం మానేసి మళ్లీ స్టిక్ పట్టేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చేతికి పాత వేగం గుర్తుంటుంది, స్నాయువుకు పాత బలం ఉండదు. మొదటి నెల సగం వేగంతో, సగం సేపు, మధ్యలో ఖాళీ రోజులు పెట్టుకుని వాయిస్తే చాలు.