సంతకం రోజు విమానం రాదు

ఆసియా దేశాలు యుద్ధవిమానాల కోసం పోటీ పడుతున్నాయి. పాకిస్తాన్ 2022 మార్చిలో చైనా జె-10సి విమానాలను తన వాయుసేనలో చేర్చుకుంది. అదే ఏడాది ఇండోనేషియా 42 ఫ్రెంచి రఫేల్‌లకు సంతకం చేసింది. మలేషియా 2023లో, ఫిలిప్పీన్స్ 2025లో మరోసారి దక్షిణ కొరియా ఎఫ్ఏ-50ల కోసం ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. మన వాయుసేన 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికింది. ఉండాల్సిన 42 యుద్ధవిమాన స్క్వాడ్రన్లలో 29 మిగిలాయి. ఒక్కో స్క్వాడ్రన్‌లో 16 నుంచి 18 విమానాలు ఉంటాయి కాబట్టి లోటు 200 దాటింది. ఇంత బరువైన విషయం మీద టీవీ చర్చల్లో, వాట్సాప్‌లో తిరిగే మాటలు చాలావరకు సగం నిజాలే. ధర ఎంత, ఏ దేశానిది అని అందరూ అడుగుతున్నారు. ఎప్పుడు చేతికొస్తుందని అడిగేవారు తక్కువ.

అపోహ: రక్షణ శాఖ ఆమోదం తెలిపిందంటే కొన్నట్టే.

రక్షణ మంత్రి అధ్యక్షతన కొనుగోళ్ల మండలి ఇచ్చే తొలి ఆమోదానికి అర్థం ఒక్కటే: ఈ వస్తువు మనకు అవసరమని ఒప్పుకోవడం. ఆ తర్వాత టెండరు, సాంకేతిక పరిశీలన, ఎడారిలోనూ లేహ్ చలిలోనూ పరీక్షలు, ధర బేరం, చివరకు భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ అనుమతి. అన్నీ దాటాకే సంతకం. ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు, ఆగిపోయింది కూడా. 126 మధ్యశ్రేణి యుద్ధవిమానాల కోసం 2007లో టెండరు పిలిచారు. ఆరు విమానాలు పోటీ పడ్డాయి. 2012 జనవరిలో రఫేల్ తక్కువ ధర పలికినట్టు తేలింది. బెంగళూరులో ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ తయారుచేసే విమానాలకు పూచీ ఎవరిదన్న దగ్గర బేరం చిక్కుకుపోయింది. 2015లో ఆ టెండరునే రద్దు చేశారు. బదులుగా నేరుగా 36 రఫేల్‌లకు 2016 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. మొదటి అయిదు 2020 జులైలో అంబాలాలో దిగాయి. టెండరు పిలిచిన 13 ఏళ్లకు, 126 బదులు 36. మిగతా 90 విమానాల ఖాళీ ఇప్పటికీ పూడలేదు. 2018లో మళ్లీ 110 విమానాల కోసం తయారీదారులను సమాచారం అడిగారు. 2025 ముగిసేనాటికి దానికీ ఒప్పందం కుదరలేదు.

అపోహ: మొత్తం ధరను సంఖ్యతో భాగిస్తే ఒక్కో విమానం ఖరీదు తెలుస్తుంది.

36 రఫేల్‌లకు 787 కోట్ల యూరోలు. భాగించి చూసి కోపం తెచ్చుకోవడం తేలికే. అయితే ఆ మొత్తంలో మీటియార్, స్కాల్ప్ క్షిపణులున్నాయి, మనం కోరిన మార్పులున్నాయి, విడిభాగాలు, శిక్షణ, అయిదేళ్ల నిర్వహణ ఉన్నాయి. ఎప్పుడు చూసినా కనీసం 75 శాతం విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్న షరతూ ఉంది. బోరు వేయించిన రైతుకు మోటారు ధర ఒక్కటే ఖర్చు కాదని తెలుసు. ఇదీ అలాంటిదే. 2025లో మన 97 తేజస్ మార్క్-1ఏలకు పన్నులు కాక రూ.62,370 కోట్లు, 26 నౌకాదళ రఫేల్‌లకు దాదాపు రూ.63,000 కోట్లు అన్న వార్తలు పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్లున్నారు. ఒకటి ఒంటి ఇంజన్ తేలికపాటి విమానం. రెండోది నౌక మీద దిగగల రెండు ఇంజన్ల విమానం. దాని ఒప్పందంలో ఆయుధాలు, సిమ్యులేటర్లతో పాటు వాయుసేన దగ్గరున్న రఫేల్‌లకు కావలసిన సామగ్రి కూడా ఉంది.

బడ్జెట్ విషయంలోనూ ఇదే పొరపాటు: మొత్తమంతా కొనుగోళ్లకే అనుకుంటారు. 2025-26 రక్షణ బడ్జెట్ రూ.6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే దాదాపు రూ.1.60 లక్షల కోట్లు పోతాయి. మూడు దళాల కొత్త కొనుగోళ్లు, పాత ఒప్పందాల వాయిదాలు అన్నీ కలిసి రూ.1.80 లక్షల కోట్లలో సర్దుకోవాలి.

అపోహ: ఇంజన్ అమెరికాది కాబట్టి తేజస్ స్వదేశీ కాదు.

ఆ లెక్కన స్వీడన్ గ్రిపెన్-ఇ కూడా స్వీడన్‌ది కాదు, దాని ఇంజన్ జనరల్ ఎలక్ట్రిక్‌దే. కొరియా ఎఫ్ఏ-50దీ అదే సంస్థ ఇంజన్. పాకిస్తాన్, చైనా కలిసి చేసిన జెఎఫ్-17 రష్యా ఇంజన్‌తో ఎగురుతుంది. జెట్ ఇంజన్‌ను మొదటినుంచి చివరిదాకా సొంతంగా చేయగల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. రెక్క ఆకారం, విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్, ఏ క్షిపణి తగిలించాలన్న నిర్ణయం మన చేతిలో ఉండటమే పెద్ద స్వాతంత్ర్యం. హైదరాబాద్ పరిశోధనశాలల్లో రూపుదిద్దుకుని, భారత్ డైనమిక్స్‌లో తయారయ్యే అస్త్ర క్షిపణిని తేజస్‌కు అమర్చడానికి మనం ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

అలాగని నిశ్చింతగా ఉండలేం. 83 తేజస్ మార్క్-1ఏలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. మొదటివి 2024 ఆరంభానికి రావాలి. 2025 సెప్టెంబరులో మరో 97కు సంతకం చేసే రోజుకు కూడా ఆ 83లో ఒక్కటీ వాయుసేనకు అందలేదు. మూతపడిన ఇంజన్ ఉత్పత్తి వరుసను తయారీదారు తిరిగి తెరవాల్సి వచ్చింది. ఈ విమానాలకు కావలసిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. రాడార్, ఆయుధాల అనుసంధాన పరీక్షలు కూడా సాగుతూ పోయాయి కాబట్టి తప్పంతా ఇంజన్ మీద నెట్టడం న్యాయం కాదు. కానీ 1989లో మంజూరై, 2008లో తేజస్ నుంచి వేరుపడిన స్వదేశీ కావేరి ఇంజన్‌కు చాలినంత డబ్బు, పరీక్షా సదుపాయాలు సమకూర్చి ఉంటే ఈ ఎదురుచూపు ఇంత పొడవుగా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

అపోహ: ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఆయుధాలు కొనేది మనమే, అదీ రష్యా దగ్గరే.

స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ 2020-24 లెక్కల్లో మొదటి స్థానం యుక్రెయిన్‌ది, మనది రెండోది. మన దిగుమతుల్లో రష్యా వాటా 2010-14లో 72 శాతం, 2020-24 నాటికి 36 శాతం. పాకిస్తాన్ దిగుమతుల్లో మాత్రం చైనా వాటా 81 శాతానికి చేరింది.

అపోహ: చవగ్గా ఇస్తే ఇరుగుపొరుగు దేశాలు మన విమానమే కొంటాయి.

మలేషియా పోటీలో తేజస్ కూడా ఉంది. గెలిచింది ఎఫ్ఏ-50. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్‌లు అప్పటికే ఆ కుటుంబపు విమానాలను నడుపుతున్నాయి. కొనే దేశం చూసేది విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుందన్నదే. సొంత వాయుసేనకే సమయానికి ఇవ్వలేని విక్రేతను ఎవరు నమ్ముతారు? ఫిలిప్పీన్స్ మన బ్రహ్మోస్ క్షిపణికి 2022లో సంతకం చేసి 2024లో అందుకుంది. అది మన నౌకాదళం ఏళ్ల తరబడి వాడి చూపించిన ఆయుధం.

అపోహ: హైదరాబాద్‌లో చేసేవి చిల్లర భాగాలే.

అపాచీ హెలికాప్టర్ పూర్తి దేహం ఆదిభట్లలో తయారై, అమెరికాలోని అరిజోనాకు వెళ్లి హెలికాప్టర్‌గా మారుతుంది. సి-130జె రవాణా విమానాల తోక భాగమూ ఇక్కడిదే. రఫేల్ దేహాన్ని ఫ్రాన్స్ బయట మొదటిసారిగా హైదరాబాద్‌లో తయారుచేయడానికి 2025 జూన్‌లో టాటా, డస్సో సంస్థల ఒప్పందం కుదిరింది. అయితే నమూనా హక్కు మాత్రం మనది కాదు. వేలమందికి నైపుణ్యం దక్కుతోంది, అది నిజంగా విలువైనది. దాన్ని సొంత నమూనాగా మార్చడం వేరే పని.

అపోహ: మిగ్-21లు కూలింది అవి పాతబడ్డందుకే.

పాతవే, సందేహం లేదు. 1963 నుంచి 2025 దాకా ఉన్నాయి. కానీ వాటిలో ఎంతోమంది కుర్ర పైలట్ల ప్రాణాలు పోవడానికి మరో కారణం కొనుగోలు ఫైళ్లలో ఉంది. నెమ్మదైన కిరణ్ జెట్‌లో నేర్చుకున్నవాణ్ని వెంటనే ధ్వనికన్నా వేగంగా పోయే మిగ్‌లో కూర్చోబెట్టకూడదని, మధ్యలో ఆధునిక శిక్షణ జెట్ కావాలని 1982లోనే లా ఫాంటేన్ కమిటీ చెప్పింది. 66 హాక్ శిక్షణ జెట్‌లకు ఒప్పందం కుదిరింది 2004లో. బీదర్‌లో అవి విధుల్లో చేరింది 2008లో. ఇరవై ఆరేళ్లు. ఈ జాప్యానికి ఎవరినీ బాధ్యులను చేయలేదు.

ఇంకా కింది మెట్టు కథా అంతే. 2009 జులైలో దుండిగల్ వాయుసేన అకాడమీ నుంచి లేచిన హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు శిక్షకులు మరణించారు. ఆ విమానాలన్నిటినీ ఆపేశారు. స్విస్ పిలాటస్‌లు 2013లో వచ్చేదాకా కేడెట్లు తొలి పాఠమే కిరణ్ జెట్ మీద నేర్చుకోవాల్సి వచ్చింది. యుద్ధవిమానాల పేర్లు పతాక శీర్షికలవుతాయి, శిక్షణ విమానం లోపలి పేజీకి పోతుంది. 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలకు హెచ్ఏఎల్‌తో 2023 మార్చిలో సంతకమైంది, వాటి ఇంజన్లు రావాల్సింది అమెరికాలోని హనీవెల్ నుంచి. వచ్చే సమావేశాల్లో మన ఎంపీలు రక్షణ మంత్రిని ఒక్క ప్రశ్నే అడగగలిగితే, అది ఈ 70 విమానాల గురించి కావాలని కోరుకుంటాను.