ఎక్స్‌రే వద్దంది, ఏడు సీజన్లు ఆడాడు

1995లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజరు బాబ్ విట్సిట్. యూరప్ నుంచి వస్తున్న ఒక ఆటగాడితో సంతకం పెట్టించే ముందు ఎందుకైనా మంచిదని అతని ఎక్స్‌రేలు జట్టు డాక్టరుకి చూపించాడు. డాక్టరు ఫిల్ముల కేసి చూసి, మనిషిని పరీక్షించే పని కూడా లేదు, ఈ ఎక్స్‌రే ఒక్కటి పట్టుకెళ్తే వికలాంగుల పార్కింగ్ పర్మిట్ ఇచ్చేస్తారు అన్న ధోరణిలో చెప్పాడట. ఈ ముచ్చట బయటపెట్టింది విట్సిటే.

ఆ ఆటగాడు అర్విదాస్ సబోనిస్. లిథువేనియావాడు. ఎత్తు 7 అడుగుల 3 అంగుళాలు. ఆ డిసెంబరుకి ముప్ఫై ఒకటి నిండుతాయి. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు దిగే మెట్ల మీద ఉండే వయసది, ఇతనేమో కొత్త కుర్రాడిగా చేరుతున్నాడు. డాక్టరు మాట విన్నాక కూడా జట్టు కాంట్రాక్టు చింపెయ్యలేదు. సబోనిస్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఏడు సీజన్లు, 470 మ్యాచ్‌లు ఆడాడు.

ముఖచిత్ర కథనానికి ఈసారి క్రికెట్ వద్దని ఎడిటరుగారి మాట. లిథువేనియా బాస్కెట్‌బాల్ అన్నారు, గురువారం పేజీలు వెళ్లిపోవాలన్నారు. జీవిత చరిత్ర రాద్దామనే కూర్చున్నాను. పుట్టుక, పతకాలు, పురస్కారాలు, అన్నీ వరసగా. కానీ ఆ ఎక్స్‌రే దాటి కలం ముందుకు పోలేదు. దానికి నేనుండే చోటు కూడా ఒక కారణం కావచ్చు.

నా గది బేగం బజార్‌లో ఉంది. అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆస్పత్రి. అక్కణ్నుంచి వచ్చేవాళ్ల చేతుల్లో ఆ పెద్ద ఎక్స్‌రే కవర్లు రోజూ కనిపిస్తాయి. ఎండ కొడితే నెత్తికి అడ్డం పెట్టుకుంటారు, బస్సు సీటు మీద పరుచుకుంటారు. కవర్లో ఏముందో తెలిసినా సాయంత్రానికి పనిలోకి పోవాల్సినవాళ్లే వాళ్లలో ఎక్కువ.

బజార్‌లోకి వస్తే హమాలీలు. మా సందులోకి లారీ రాదు, పెద్ద రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కొట్టుదాకా సరుకు రావాలంటే తోపుడుబండి, లేదంటే వీపు. పోయినవారం ఒకతన్ని పని గట్టుకుని చూశాను. తలకి తుండు చుట్టుకుని, నడుం వంచి నిలబడ్డాడు. లారీ మీదున్న ఇద్దరు చక్కెర బస్తాని అతని మెడకీ భుజాలకీ మధ్య జారవిడిచారు. అందరం చూసేది వీపుని. నేను కింద చూశాను. బరువు పడగానే రెండు మడమలూ అరంగుళం లేచాయి. మడమ వెనక నరం తాడులా బిగిసి పైకి తేలింది. ఒక్క క్షణం అలాగే నిలదొక్కుకుని, మడమలు నేలకి ఆనించి, అప్పుడు మొదటి అడుగు వేశాడు. హవాయి చెప్పుల మడమలు అరిగి, వెనక కొసన రబ్బరు కాగితమంత పల్చబడింది.

ఆ నరాన్నే డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. పిక్క కండరాలని మడమ ఎముకకి కట్టిపడేసేది అదే. ఒంట్లో అంత గట్టి నరం ఇంకోటి లేదు. పరిగెత్తినా ఎగిరినా శరీర బరువుకి ఎన్నో రెట్లు దాని మీద పడుతుంది. చిక్కేమిటంటే మడమకి కాస్త పైన రక్తప్రసారం తక్కువ. తెగేది మామూలుగా అక్కడే, తెగితే త్వరగా మానదు. ఆపరేషన్ చేసినా మళ్లీ ఆటలోకి రావడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది. తొందరపడితే మళ్లీ మొదటికి.

సబోనిస్‌కి అదే జరిగింది. 1986-87 ప్రాంతంలో ఆ నరం తెగింది, పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ దెబ్బతింది. అప్పటికి అతనికి ఇరవై రెండు. అంతకుముందు రోజుల వీడియోలు చూస్తే, పోర్ట్‌లాండ్‌లో కాళ్లీడ్చిన పెద్దమనిషి ఇతనేనా అనిపిస్తుంది. గురి తప్పి వచ్చిన బంతిని, అంటే రీబౌండ్‌ని, అందుకుని, తనే కొట్టుకుంటూ కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి, రింగు పైనుంచి బంతిని దిగ్గొడతాడు. 1982లో సోవియట్ జట్టుతో అమెరికా వెళ్లి కాలేజీ జట్ల మీద ఆడినప్పుడు పదిహేడేళ్లవాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1985లో అట్లాంటా హాక్స్ ఎంచుకుంది, ఇరవై ఒకటి నిండలేదని ఆ ఎంపిక చెల్లలేదు. మరుసటేడు పోర్ట్‌లాండ్ 24వ ఎంపికగా తీసుకుంది. మాస్కో పంపలేదు.

1988 మరీ విచిత్రం. తెగిన నరానికి వైద్యం కోసం సోవియట్ ప్రభుత్వం అతణ్ని ఆ పోర్ట్‌లాండ్‌కే పంపింది. అక్కడి డాక్టర్లు బాగుచేశారు, ఇంకొన్నాళ్లు ఆగమన్నారు. అతను సెప్టెంబరులో సియోల్ ఒలింపిక్స్‌లో దిగి, సెమీఫైనల్లో అమెరికానే ఓడించాడు. స్కోరు 82-76. ఫైనల్లో యుగోస్లావియా మీద 76-63. మా డబ్బుతో మా డాక్టర్లు బాగుచేసిన కాలు మా మీదే ఆడిందని అమెరికాలో కొందరు సణిగారు. మెడల్లో వేసింది సోవియట్ స్వర్ణమే, కానీ ఆ జట్టుకి ఆయువుపట్టు నలుగురు లిథువేనియన్లు: సబోనిస్, మార్చులియోనిస్, కుర్తినైతిస్, హోమిచ్యుస్.

చరిత్ర లేకుండా పేజీ ఒప్పుకోరు కనక గబగబా చెప్పేస్తాను. లిథువేనియా బాల్టిక్ సముద్రం ఒడ్డు దేశం, జనాభా ముప్ఫై లక్షల లోపు, హైదరాబాద్‌లో ఒక మూల సరిపోతారు. 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 1937, 1939ల్లో యూరప్ బాస్కెట్‌బాల్ ఛాంపియన్లు. 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. ఆ తర్వాత అర్ధశతాబ్దం సొంత జెండా లేదు, అందుకే కౌనస్ ఊరి జల్గిరిస్ క్లబ్బు మాస్కో సైన్యం జట్టు సీఎస్‌కేఏని ఓడిస్తే అది ఆట గెలుపుగా మాత్రమే మిగల్లేదు. 1985, 86, 87 మూడేళ్లూ సోవియట్ టైటిల్ పోరులో వరసగా ఓడించారు, ఆ జట్టులో సబోనిస్ ఉన్నాడు. 1990 మార్చి 11న స్వాతంత్ర్యాన్ని తిరిగి ప్రకటించుకున్నారు. 1991 జనవరిలో విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ ట్యాంకుల ముందు జనం చనిపోయారు. ఆ ఏడాదే దేశం నిలబడింది.

మళ్లీ ఎక్స్‌రేకి వస్తాను. ఎక్స్‌రేలో బాగా కనిపించేది ఎముకే, నరం కాదు. కాబట్టి 1995లో పోర్ట్‌లాండ్ డాక్టరు చూసింది తెగిన నరాన్ని కాకపోవచ్చు. అది తెగిన తర్వాత గడిచిన ఏళ్లని చూసుంటాడు. నరం సరిగా లేకపోతే నడక మారుతుంది. నడక మారితే పడకూడని ఎముక మీద బరువు పడుతుంది. పాదం, చీలమండ, మోకాలు ఒకదాని వెంట ఒకటి అరుగుతాయి. పైగా అది 130 కిలోల దరిదాపు బరువు. ఆ అరుగుదల అంతా ఖాళీగా కూర్చుని తెచ్చుకున్నది కాదు. 1989 నుంచి స్పెయిన్‌లో వయదొలిద్ జట్టుకి మూడు సీజన్లు, తర్వాత రియల్ మాడ్రిడ్‌కి మూడు సీజన్లు ఆడాడు. 1995లో మాడ్రిడ్‌ని యూరప్ ఛాంపియన్‌గా నిలబెట్టి, ఆ సంబరం ముగిసీ ముగియకుండానే అమెరికా బయల్దేరాడు.

ఇక్కడే నాకు అమెరికన్ రాతలతో పేచీ. సబోనిస్ మీద అక్కడ ఏం రాసినా చివరికి ఒకే విచారం: ఇరవై రెండేళ్లప్పుడే వచ్చుంటే ఎంతటివాడయ్యేవాడో అని. వాళ్ల లెక్కలో మనిషి పుట్టడమే 1995లో పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో. ఒలింపిక్ స్వర్ణం, మాస్కో మీద మూడు టైటిళ్లు, యూరప్ కిరీటం ఉన్నవాడి గురించి అయ్యో పాపం అనడానికి చాలా ధైర్యం కావాలి. విశ్రాంతి లేకుండా వాడుకున్న సోవియట్ యంత్రాంగానిది తప్పు కాదనను. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే నరం తెగింది. అమెరికా వాళ్లు కలగంటున్న కుర్రాడు వాళ్లకి 1986 తర్వాత ఎటూ పూర్తిగా దక్కేవాడు కాదు.

దీనికి పూర్తి ఎదురు వాదనా ఉంది. కాలు పోయాకే బుర్ర వాడటం మొదలెట్టాడు, దెబ్బే అతన్ని కళాకారుణ్ని చేసింది అని. ఇదీ నేను నమ్మను. దెబ్బకి ముందూ పాస్ అలాగే ఇచ్చేవాడు, రింగుకి దూరం నుంచి అలాగే వేసేవాడు. దెబ్బ తగ్గించిందే తప్ప కలిపిందేమీ లేదు. పోయిన దాన్ని వదిలేసి, మిగిలిన దానితోనే పూర్తి స్థాయి ఆట ఆడటం అతని ఘనత.

పోర్ట్‌లాండ్ రోజుల వీడియో ఒకటి తీసుకుని పాదాలని మాత్రమే చూడండి. ఫ్రీ త్రో గీత దగ్గర, రింగుకి వీపు పెట్టి నిలబడతాడు. బంతిని ఒంటి చేత్తో తల పైకెత్తి పట్టుకుంటాడు, ప్రత్యర్థి ఎంత ఎగిరినా అందదు. పాదాలు కదలవు. ఎడమ పక్క నుంచి తన జట్టువాడు రింగు వైపు దూసుకొస్తుంటాడు. సబోనిస్ అటు చూడడు, కుడివైపు చూస్తాడు. అతనికి కాపలా ఉన్నవాడూ కుడివైపే ఒరుగుతాడు. అప్పుడు మణికట్టు మాత్రం తిరుగుతుంది, బంతి చెవి పక్క నుంచి వెనక్కి జారి, ఎడమ నుంచి వచ్చేవాడి చేతిలో పడుతుంది. పాదాలు ఇప్పటికీ అక్కడే. ఆ తర్వాత డిఫెన్స్‌కి వెనక్కి పోవాలి కదా, అప్పుడు తెలుస్తుంది నొప్పి. మడమ ఎత్తకుండా, పాదం మొత్తం పరిచి, భుజాలు ఊపుకుంటూ పరుగులాంటి నడక.

మొదటి సీజన్లో మ్యాచ్‌కి 24 నిమిషాల లోపే ఆడించారు. అందులోనే సగటున 14.5 పాయింట్లు, 8.1 రీబౌండ్లు. ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారానికి ఓట్లలో రెండోస్థానం. 1997-98లో సగటు 16 పాయింట్లు, 10 రీబౌండ్లకి చేరింది. అప్పటికి ముప్ఫై మూడేళ్లు. 2000లో ఎన్‌బీఏ పశ్చిమ విభాగం ఫైనల్ ఏడో మ్యాచ్‌లో లేకర్స్ మీద చివరి క్వార్టర్లో 15 పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉండగా పోర్ట్‌లాండ్ 89-84తో ఓడింది. లేకర్స్ భారీ సెంటర్ షకీల్ ఓనీల్‌ని ఆపడానికి ఆ సిరీస్‌లో పడ్డ బరువంతా ఈ పాదాల మీదే. 2001లో ఒళ్లూ మనసూ అలిసిపోయాయని ఇంటికెళ్లిపోయాడు. ఏడాది ఆగి, ఇంకో సీజన్‌కి మళ్లీ వచ్చాడు.

అక్కడితో ముగిస్తే కథ బాగుండేది, అతను ముగించలేదు. 2003లో కౌనస్ వెళ్లి, తనే యజమానుల్లో ఒకడైన జల్గిరిస్‌లో మళ్లీ జెర్సీ వేసుకున్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో 2003-04 యూరోలీగ్ లీగ్ దశకీ, ఆ తర్వాతి టాప్-16 దశకీ అత్యుత్తమ ఆటగాడు. పార్కింగ్ పర్మిట్ మాట వచ్చిన ఎనిమిదేళ్లకి.

అధికారికంగా ఆట మానింది 2005లో. 2011లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అదే ఏడాది సెప్టెంబరులో కౌనస్‌లో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతుండగా గుండెపోటు వచ్చింది, కోలుకున్నాడు. తర్వాత నెలలోనే లిథువేనియా బాస్కెట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు, 2021 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు.

పుర్రె బొమ్మ టీషర్టు

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి కొత్త దేశం దగ్గర డబ్బు లేదు. అప్పటికే అమెరికాలో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి ఆడుతున్న మార్చులియోనిస్ చందాలు పోగుచేస్తుంటే, శాన్‌ఫ్రాన్సిస్కో వార్తాపత్రికలో ఆ సంగతి వచ్చింది. అది చదివి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం సాయం చేసింది. డబ్బుతోపాటు టీషర్టులూ వచ్చాయి. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో ముడులేసి అద్దకం వేసినవి. మీద అస్థిపంజరం బంతిని రింగులో దిగ్గొడుతుంటుంది. బొమ్మ గ్రెగ్ స్పియర్స్‌ది. సెమీస్‌లో అమెరికా డ్రీమ్ టీమ్ చేతిలో 127-76తో చిత్తయ్యారు. కాంస్యం కోసం ఎదురుపడింది మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టు. 82-78తో గెలిచి, ఆ టీషర్టులతోనే పతకాలు అందుకున్నారు. 1996 అట్లాంటాలోనూ కాంస్యమే, ఆస్ట్రేలియా మీద.

కొడుకు

దొమాంతాస్ సబోనిస్ 1996లో పోర్ట్‌లాండ్‌లోనే పుట్టాడు. 2016 డ్రాఫ్ట్‌లో 11వ ఎంపిక. 2022లో సాక్రమెంటో కింగ్స్‌కి మారాక, 2022-23 నుంచి వరసగా మూడు సీజన్లు ఎన్‌బీఏలో రీబౌండ్ల సగటులో అగ్రస్థానం. నాన్నలాగే గీత దగ్గర నిలబడి పాసులిస్తాడు. నాన్నకంటే బాగా పరిగెత్తగలడు.

చూడదలచుకుంటే

యూట్యూబ్‌లో దొరికేవాటిలో మూడు చాలు. 1986 ప్రపంచ పోటీల సెమీస్, సోవియట్ యూనియన్ మీద యుగోస్లావియా: నిమిషం కూడా లేదు, సోవియట్ జట్టు తొమ్మిది పాయింట్లు వెనక, ఆ తర్వాతది మీరే చూడండి. 1996 ప్లేఆఫ్స్‌లో యూటా జాజ్ మీద పోర్ట్‌లాండ్ ఆడినవి ఏవైనా. మూడోది 2004 ఏప్రిల్ 8, టెల్ అవీవ్‌లో మకాబీ మీద జల్గిరిస్. ఫలితం ముందే వెతక్కండి, చివరి రెండు సెకన్లు చెడిపోతాయి.