పాట వినిపించటానికి పైకము చెల్లించాలా?

గత నెలలో ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు పగలు సెల్‌ఫోన్ల దుకాణములో పని చేస్తాడు, ఆదివారాలు ఆరాధనలోను, ముహూర్తాల రోజుల్లో పెళ్లి పందిళ్లలోను కీబోర్డు వాయిస్తాడు. రాత్రిళ్లు ఇంట్లోనే కంప్యూటరు మీద సొంతంగా బాణీలు కట్టి రికార్డు చేసుకుంటాడట. "అమెరికాలో ఒక కంపెనీ ఉందట అయ్యగారూ. ఏడాదికి మూడు వందల డాలర్లు కడితే మన పాటలు సినిమాల వారికి, టీవీల వారికి అందేలా చూస్తారట. నా గాజులు తాకట్టు పెట్టమని రోజూ అడుగుతున్నాడు. పెట్టమంటారా?" అని ఆమె అడిగారు.

వద్దమ్మా అని ఒక్క మాట వ్రాసి పంపటము తేలికే. కానీ ఆ ఒక్క మాటతో ఇంట్లో తల్లీ కొడుకుల మధ్య ఎన్నాళ్లు మాటలు ఉండవో మనకు తెలియనిది కాదు. అందుచేత కాస్త విచారించి వ్రాస్తున్నాము. ఇటువంటి బిడ్డలున్న ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి గదా!

ఈ వ్యాపారము కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభము నుంచే అమెరికా పత్రికల్లో "మీ కవితలు పంపండి, మేము పాటలు చేస్తాము" అనే ప్రకటనలు వచ్చేవి. ఎవరు ఏమి వ్రాసి పంపినా బ్రహ్మాండముగా ఉందని మెచ్చుకుని, రుసుము తీసుకుని, ఒక గాయకుడి చేత గబగబా పాడించి రికార్డు చేతిలో పెట్టేవారు. దాన్ని వినేవారు మాత్రం ఉండేవారు కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ మాత్రం వినిపించాలనుకునేవాడే లోకువయ్యాడు.

అయితే అందరూ అటువంటి వారే అనటము అన్యాయము. ఆ తల్లి వ్రాసిన కంపెనీ టాక్సీ అనేది కావచ్చునని మేము అనుకున్నాము. మైకేల్ లాస్కో అనే ఆయన 1992లో కాలిఫోర్నియాలో దాన్ని స్థాపించారు. చాలా ఏళ్లపాటు మొదటి సంవత్సరపు చందా సుమారు 300 డాలర్లు, ఆపైన పంపిన ప్రతి పాటకూ 5 డాలర్లు తీసుకునేవారు. అంటే మన లెక్కలో చందాయే పాతిక వేల రూపాయల పైమాట. ఫలానా రకము సంగీతము కావాలని టీవీ కార్యక్రమాల వారు, మ్యూజిక్ లైబ్రరీల వారు అడుగుతారు. సభ్యులు పంపిన పాటలను అనుభవజ్ఞులు విని, తగినవాటిని వారికి చేరవేస్తారు. తగనివాటికి లోపము ఎక్కడుందో వ్రాసి పంపుతారు. పాట అమ్ముడైతే అందులో వాటా అడగరు. పద్ధతి ఇదీ. ఇందులో మోసమేమీ కనబడదు. కానీ ఆ డబ్బు మన పాటను వినటానికే గాని కొనటానికి కాదు.

ఇక మన పిల్లవాడి మాట. అక్కడ అడిగేది ఎక్కువగా అమెరికా టీవీకి పనికివచ్చే సంగీతము. తెలుగు మాటలున్న పాటకు అక్కడ గిరాకీ స్వల్పము. మాటలు లేని వాద్య సంగీతానికి భాష అడ్డము రాదు గనుక, అటువంటివి పది పదిహేను సిద్ధముగా ఉన్నవాడు ఆలోచించవచ్చు. ఉన్నది ఒకే పాట అయితే ఏడాది చందా కట్టటము, ఒక్క చీర అద్దకానికి మిల్లు కొన్నట్టే.

తెలుగు సినిమాకు చేరుస్తామని ఎవరైనా డబ్బు అడిగితే మరింత జాగ్రత్త పడాలి. మన సినిమాల్లో నిర్మాత ఒక సంగీత దర్శకుని పెట్టుకుంటాడు, కథా సందర్భాన్ని బట్టి ఆయన బాణీ కడతాడు, గేయ రచయిత మాటలు వ్రాస్తాడు. బయట నుంచి తయారైన పాట కొనటము అరుదు. లేని గుమ్మానికి తాళపుచెవి అమ్మేవారుంటారు సుమండీ.

చిన్న మొత్తాలతో నడిచేవి కూడా ఉన్నాయి. 2015లో మొదలైన సబ్‌మిట్‌హబ్‌లో, 2018లో ఫ్రాన్సులో మొదలైన గ్రూవర్‌లో చందా లేకుండా, ఒక్కొక్కరికి పాట వినిపించటానికి ఒకటి రెండు డాలర్ల నుంచి రుసుము ఉంటుంది. ప్లేలిస్టులు నడిపేవారు విని, నచ్చితే తీసుకుంటారు, నచ్చకపోతే కారణము వ్రాస్తారు. ఎక్కువమంది వద్దనే అంటారు.

వేరొక రకము ఉంది, దాని జోలికి పోనేకూడదు. మా ఎరుకలోని ఒక తమ్ముడు పదిహేను వేలు చెల్లించి "లక్ష మంది వింటారు" అన్న హామీ కొనుక్కున్నాడు. అంకెలు నిజంగానే పెరిగాయి. వారం తిరగకముందే అవి మనుషులు విన్నవి కావని తేలి పాటనే తీసివేశారు. భార్యకు చెప్పటానికి అతనికి రెండు నెలలు పట్టింది. ప్లేలిస్టులో స్థానానికి డబ్బు ఇవ్వటము స్పాటిఫై నియమాలకు విరుద్ధము. దొంగ లెక్కలు మరీ మితిమీరితే ఆ పాటను పంపిన పంపిణీదారు మీద 2024 నుంచి జరిమానా కూడా వేస్తున్నారు.

నిజముగా విన్నా వచ్చేదెంత? ఒక్కసారి వింటే డాలరులో వెయ్యింట మూడు వంతులు అనుకుందాము, మన దేశములో అంత కూడా రాకపోవచ్చు. ఆ లెక్కన మూడు వందల డాలర్లు తిరిగి రావాలంటే లక్షసార్లు వినాలి. పైగా 2024 నుంచి, పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినని పాటకు స్పాటిఫై ఏమీ ఇవ్వదు.

డబ్బు అక్కరలేని పనులు ముందు చేయవచ్చు. స్పాటిఫై సంపాదకులకు పాటను ప్రతిపాదించటానికి పైసా ఖర్చు లేదు. విడుదలకు కనీసము ఏడు రోజుల ముందు పంపితే, మనల్ని అనుసరించేవారి వారపు జాబితాలోకి కూడా పాట వెళుతుంది. రెండవది, 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో బాణీ కట్టినవారు, మాటలు వ్రాసినవారు సభ్యులై తమ పాటలను నమోదు చేసుకోవచ్చు. 2012 నాటి కాపీరైటు సవరణ వీరికి రాయల్టీ హక్కును గట్టిపరిచింది. ఎక్కడికైనా పాట పంపేముందు ఈ పని కావాలి. ఒప్పందము వస్తే, పాట పూర్తిగా వారిదైపోతుందా లేక మనము ఇతరులకు కూడా ఇవ్వవచ్చునా అన్నది ఇంగ్లీషు బాగా తెలిసిన ఒకరి చేత చదివించుకోండి.

ఈ సంగతులన్నీ ఆ తల్లికి వ్రాశాము. తల్లీ కొడుకులిద్దరూ మా కార్యాలయానికి వచ్చారు. అబ్బాయి పాటను ఫోనులో వినిపించాడు. బాణీ మనసుకు హత్తుకుంది. డోలు మోతలో మాటలు మాత్రము మాకు సగము వినబడలేదు, ఆ మాటే చెప్పాము. అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు. చివరకు తన జీతములోంచి వెయ్యి రూపాయలు పెట్టి, చిన్న రుసుముల పద్ధతిలో పదిమందికి పంపుతానన్నాడు.

మొన్న ఫోను చేశాడు. తొమ్మిదిమంది కాదన్నారట. వారిలో నలుగురు గొంతు డోలు వెనుక దాగిపోయిందని వ్రాశారు. పదో ఆయన, ఎక్కడివాడో, ఆ పాటను తన జాబితాలో పెట్టాడు. అబ్బాయి ఇప్పుడు డోలు తగ్గించి పాటను మళ్లీ కలుపుతున్నాడు. గాజులు అమ్మ చేతికే ఉన్నాయి.