అర మిల్లీమీటరు పని

కాస్త పెద్ద బండికి కొత్త చైన్ వేయించడానికి వెళ్తే మెకానిక్ అడిగే ప్రశ్న ఒకటుంది: "లాక్ వేయమంటారా, రివెట్ కొట్టమంటారా?" చాలామంది "ఏది గట్టిదైతే అది వెయ్యండి" అనేసి టీ తాగడానికి వెళ్తారు. తిరిగి వచ్చేసరికి పని అయిపోతుంది. చేసింది సరిగ్గా ఉందో లేదో చూడటం వాళ్లకు తెలియదు. నిజానికి అది చూసి తెలుసుకోగలిగిన విషయమే. రెండు కొలతలు అర్థమైతే చాలు.

చైన్ రెండు కొసలనూ కలిపే లింకును మాస్టర్ లింక్ అంటారు. ఇందులో రెండు రకాలు. మొదటిది క్లిప్ రకం, షెడ్లలో చైన్ లాక్ అనేది దీన్నే. రెండు పిన్నుల మీద ప్లేటు ఎక్కించి, పిన్నుల గాడిలో ఒక సన్నటి స్ప్రింగు క్లిప్ తొడుగుతారు. శ్రావణంతో తీయొచ్చు, పెట్టొచ్చు. రెండోది రివెట్ రకం. ఇందులో క్లిప్ ఉండదు. పిన్ను కొసనే విప్పార్చి, ప్లేటు బయటికి రాకుండా చేస్తారు. ఒకసారి వేస్తే కోసి తీయాల్సిందే. తీసినదాన్ని మళ్లీ వాడకూడదు.

ఏ బండికి ఏది?

చైన్ ప్లేటు మీద 428, 520, 525, 530 వంటి అంకెలు చెక్కి ఉంటాయి. మొదటి అంకె ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు ఉన్న దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 4 అంటే అరంగుళం, అంటే 12.7 మి.మీ. 5 అంటే 15.875 మి.మీ. మిగతా రెండంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. 520కి 6.35 మి.మీ., 530కి 9.5 మి.మీ.

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్లకు 428 చైన్ వస్తుంది. వాటికి క్లిప్ లాక్ సరిపోతుంది. కాకపోతే దిక్కు ముఖ్యం: క్లిప్ మూసిన కొస చైన్ కదిలే వైపుకు, చీలిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే చీలిన కొసకు ఏ రాయో, కవరు అంచో తగిలి క్లిప్ ఊడిపోతుంది. కేటీఎం 390 డ్యూక్ లాంటి బళ్లకు 520 చైన్, అందులోనూ రబ్బరు రింగులున్న రకం వస్తుంది. ఆ స్థాయి బళ్లకు రివెట్ లింకే తగినది.

రివెట్ చేసే పని ఏమిటి?

మొదట చైన్ మీద పడే లాగుడు చూద్దాం. 390 డ్యూక్ తరహా బండిలో వెనక స్పాకెట్‌కు 45 పళ్లు. దాని వ్యాసార్ధం 11.4 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వెనక టైరు వ్యాసార్ధం దాదాపు 31 సెంటీమీటర్లు. అంటే టైరు రోడ్డును ఎంత బలంతో నెడుతుందో, దానికి రెండున్నర రెట్లకు పైగా లాగుడు చైన్ మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర గట్టిగా ఎత్తుకున్నప్పుడు టైరు 150 కిలోల బలంతో నెట్టిందనుకుంటే చైన్ పై వరస మోసేది 400 కిలోలు. ఆ వరసలో ఉన్నంతసేపూ మాస్టర్ లింకు కూడా అంతే మోస్తుంది.

ఇక తిరుగుడు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు ఈ తరహా బండి చైన్‌లోని ప్రతి లింకూ యాభై వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో ముందు స్పాకెట్ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, వెనక స్పాకెట్ దగ్గర మరో రెండుసార్లు వంగుతుంది. అంటే ఒక్క ప్రయాణంలో రెండు లక్షల వంపులు.

ఇంత బరువును రివెట్ మోస్తుందని అనుకుంటాం. కాదు. లాగుడు చైన్ పొడవునా ఉంటుంది. దాన్ని అడ్డంగా ఉన్న పిన్ను, దానికి చెరోవైపున ఉన్న రెండు ప్లేట్లు పంచుకుంటాయి. విప్పారిన పిన్ను కొస చేసేది కాపలా పని: బయటి ప్లేటు పక్కకు జారిపోకుండా చూడటం. బాణలి చెవులకు కొట్టిన రివెట్ లాంటిదే ఇదీ. బాణలిలో బరువు రివెట్ ఒంటి మీద పడుతుంది, దాని తల చెవి ఊడకుండా చూస్తుంది.

ఆ ప్లేటు జారిపోతే కథ మారిపోతుంది. రెండు ప్లేట్ల మధ్య నిలిచిన పిన్ను ఒకవైపే పట్టు మీద ఉంటుంది. లాగుడు పడగానే వంకర తిరుగుతుంది, ఆ వెంటనే చైన్ తెగుతుంది. తెగిన చైన్ కొన్నిసార్లు రోడ్డు మీద పడి ఊరుకుంటుంది. కొన్నిసార్లు ముందు స్పాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని ఇంజిన్ కేసును పగలగొడుతుంది, వెనక చక్రాన్ని పట్టేస్తుంది. కొరడాలా కాలికి తగలడమూ ఉంది. మంచి 520 చైన్ మూడు టన్నులకు పైగా లాగుడు తట్టుకునేలా తయారవుతుంది. అయినా తెగిందంటే మాస్టర్ లింకు ప్లేటు ఊడిందేమో అన్నది మొదట చూడాల్సిన సంగతి.

రివెట్ రకానికి ఇంకో బలం ఉంది. దాని బయటి ప్లేటు రంధ్రం పిన్ను కంటే వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది. చేత్తో నొక్కితే ఎక్కదు, ప్రెస్‌తోనే ఎక్కించాలి. క్లిప్ లింకుల్లో చాలావాటికి ప్లేటు చేత్తోనే జారుతుంది. బిర్రుగా కూర్చున్న ప్లేటు పిన్ను మీద ఆడదు, ఆడకపోతే అరగదు.

పని మొదలుపెట్టే ముందు

లింకు ఆ చైన్ కోసమే చేసినదై ఉండాలి. 520 అని అంకె కలిసినంత మాత్రాన చాలదు. కంపెనీ, మోడల్ కూడా కలవాలి. ప్లేటు మందం, పిన్ను పొడవు, రబ్బరు రింగు కొలత మోడల్‌కొకలా ఉంటాయి. మంచి చైన్‌తో పాటు చిన్న ప్యాకెట్‌లో దాని లింకు వస్తుంది. విప్పితే రెండు పిన్నులు బిగించి ఉన్న ప్లేటు, విడి ప్లేటు, నాలుగు రబ్బరు రింగులు, కాస్త గ్రీజు ఉంటాయి. ఆ గ్రీజును పారేయకండి. రింగుల వెనక చిక్కుకుని చైన్ బతికినంత కాలం పిన్నును తడిపేది అదే. బయటి నుంచి తర్వాత ఎంత స్ప్రే కొట్టినా అక్కడికి చేరదు.

పాత చైన్ తీసేటప్పుడు పిన్ను తలను గ్రైండర్‌తో ప్లేటు మట్టానికి అరగదీసి, ఆ తర్వాతే చైన్ టూల్‌తో బయటికి నెట్టాలి. అరగదీయకుండా నెడితే టూల్ సూదే విరుగుతుంది. నిప్పురవ్వలు పెట్రోలు ట్యాంకు వైపు, టైరు వైపు పోకుండా చూసుకోవాలి. కొత్త చైన్ పొడవెక్కువైతే కోయాలి. లోపలి లింకు, బయటి లింకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి మాస్టర్ లింకుతో కలిపి మొత్తం సరిసంఖ్య కావాలి. కోసిన రెండు కొసల్లోనూ రోలర్లున్న లోపలి లింకులే ఉండాలి. వాటిని కలిపే బయటి లింకే మాస్టర్ లింకు. స్పాకెట్ పళ్లు వంకర తిరిగి ఉంటే వాటినీ మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ తొందరగా పాడవుతుంది.

మొదటి కొలత: ప్లేటు

రెండు కొసలనూ వెనక స్పాకెట్ పళ్ల మీదికి తెస్తే పళ్లే వాటిని పట్టుకుంటాయి. పిన్నులకు గ్రీజు రాసి, ఒక్కోదానికి ఒక రింగు తొడిగి, చక్రం వైపు నుంచి బయటికి దూర్చాలి. ఇవతలికి వచ్చిన పిన్నుల మీద మిగతా రెండు రింగులు, మళ్లీ గ్రీజు, ఆపైన విడి ప్లేటు. అక్షరాలున్న వైపు బయటికి కనపడాలి. రింగు మరిచిపోతే ఆ పిన్నులోకి నీళ్లు, దుమ్ము దారి చేసుకుంటాయి.

ఇప్పుడు ప్రెస్ బిగించి కొంచెం కొంచెంగా తిప్పాలి. రెండు పిన్నుల మీదా ప్లేటు సమానంగా దిగాలి. ఎంత దూరం నొక్కాలి? ఈ ప్రశ్నకు జవాబు చైన్‌లోనే ఉంది. పక్కనున్న ఫ్యాక్టరీ లింకు వెడల్పును వెర్నియర్‌తో కొలవండి. ఈ ప్లేటు నుంచి ఆ ప్లేటు దాకా 17.4 మి.మీ. వచ్చిందనుకోండి. మాస్టర్ లింకు కూడా 17.4 అయ్యేదాకా నొక్కాలి. చివరి పావు మిల్లీమీటరులో ప్రతి చిన్న తిప్పుకూ ఆగి కొలవాలి. రెండు పిన్నుల దగ్గరా కొలవాలి.

తక్కువ నొక్కితే రింగులు ఆనవు, గ్రీజు కారిపోతుంది. ఎక్కువ నొక్కితే రింగులు నలిగిపోతాయి, లింకు బిర్రుగా మారి స్పాకెట్ మీద వంగనంటుంది. చక్రం చేత్తో తిప్పితే ఒక్కచోట గిలక్కుమని ఎగురుతుంది. ఎక్కువ నొక్కిన ప్లేటును వెనక్కి లాగడం తేలిక కాదు. అందుకే నిదానం.

రెండో కొలత: పిన్ను తల

రివెట్ పిన్ను కొసలో చిన్న గుంత ఉంటుంది. టూల్‌కు కోసుగా ఉన్న సూది మార్చి, దాని మొనను సరిగ్గా గుంత మధ్యలో ఆనించి తిప్పితే అంచు నాలుగు వైపులా సమానంగా విచ్చుకుంటుంది. మొన పక్కకు ఉంటే ఒకవైపే విచ్చుకుంటుంది.

ఇక్కడే పని నాణ్యత తేలేది. 520 తరహా చైన్‌లో పిన్ను మందం 5 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. విప్పార్చాక చాలా చైన్లకు అది 5.5 నుంచి 5.8 మధ్య ఉండాలి. మీ చైన్‌కు సరైన అంకె ప్యాకెట్ మీదో, బండి సర్వీస్ మాన్యువల్‌లోనో ఉంటుంది. దాన్నే పాటించాలి. మొత్తం తేడా అర మిల్లీమీటరు. పని మొదలుపెట్టేముందే పిన్ను మందం కొలిచి రాసుకుంటే ఎంత విచ్చుకుందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అంచు గుండ్రంగా లేదేమో తెలియాలంటే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి.

"ఇంకాస్త బిగిస్తే ఇంకా గట్టి" అనే మాట ఇక్కడ చెల్లదు. ఎక్కువ విప్పారిస్తే పిన్ను అంచు చీలుతుంది. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడాలి. వెంట్రుకంత పగులు కనపడినా ఆ లింకును కోసి పారేసి కొత్తది వేయాలి. పగులు ఈ రోజు ఏమీ చేయదు. రెండు లక్షల వంపుల ప్రయాణాలు రెండు మూడు అయ్యాక చేస్తుంది.

సుత్తితో కొడితే?

ఒకప్పుడు గుంత లేని మెత్తటి పిన్నుల లింకులు ఉండేవి. వెనక బరువైన ఇనుప దిమ్మ పట్టి, గుండ్రటి సుత్తితో చిన్న దెబ్బలు వేసి తల తెప్పించేవారు. చేయి తిరిగినవాళ్లకు అది వచ్చు. గుంత ఉన్న నేటి పిన్నులకు ఆ పద్ధతి నప్పదు. దెబ్బకు ప్లేటు ఒకవైపు ఎక్కువ దిగుతుంది, అంచు ఒక పక్కకు మడుచుకుపోతుంది. వెనక దిమ్మ సరిగ్గా లేకపోతే దెబ్బ స్పాకెట్ మీదుగా బేరింగులకు పోతుంది. స్క్రూ తిప్పే టూల్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగి కొలవొచ్చు. సుత్తి దెబ్బకు మధ్యలో ఆగడం ఉండదు.

అయ్యాక చూడాల్సినవి

లింకును చేత్తో రెండు వైపులా వంచి చూడండి. పక్క లింకులంత తేలిగ్గా వంగాలి. సెంటర్ స్టాండ్ వేసి లేదా వెనక చక్రం పైకెత్తి, ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజిన్ నడుస్తుండగా చైన్ దగ్గరికి చేయి, గుడ్డ తీసుకెళ్లకండి. వేళ్లు పోతాయి. చైన్ వదులు మాన్యువల్‌లో చెప్పినంతే ఉంచాలి. మరీ బిగిస్తే బండి రోడ్డు గుంతలో పడిన ప్రతిసారీ లింకు మీద అదనపు లాగుడు. కొత్త చైన్ మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత వదులు మళ్లీ సరిచేయించి, అప్పుడే మాస్టర్ లింకు వెడల్పు, పిన్ను తలలు ఇంకోసారి చూడాలి. రబ్బరు రింగులున్న చైన్‌ను పెట్రోలుతో కడగొద్దు, వైరు బ్రష్‌తో రుద్దొద్దు. కిరోసిన్, మెత్తటి బ్రష్, ఆపైన చైన్ లూబ్ లేదా 90 నంబరు గేరు ఆయిల్ సరిపోతాయి.

షెడ్డులో అడగాల్సినవి మూడే. లింకు ఈ చైన్ మోడల్‌దేనా? చైన్ ప్రెస్, రివెట్ టూల్ ఉన్నాయా? నొక్కాక, విప్పార్చాక వచ్చిన కొలతలు ఎంత? చివరి ప్రశ్నకు అంకె చెప్పగలిగిన మెకానిక్‌కు బండి నిశ్చింతగా ఇవ్వండి. వెర్నియర్ లేని చోట మాత్రం రివెట్ లింకు వేయించుకోకండి.