నలభై దాటినా బంతి అందుతుందా?

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బేస్‌బాల్ బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.6 సెకను పడుతుంది. పిచ్చర్ నిలబడే చోటికీ హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 18.44 మీటర్లే. ఆ కాస్త వ్యవధిలోనే బంతిని చూడాలి, కొట్టాలో వదిలేయాలో తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. ఇరవైల్లో తేలికగా సాగే ఈ పని వయసు పెరిగేకొద్దీ ఎందుకు కష్టమవుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వంటి ఊళ్లో ఈ ప్రశ్నకు మరింత ప్రాముఖ్యం ఉంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి ఇది షిఫ్టుల ఊరు. ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ స్థిరపడ్డాయి. క్రికెట్‌తో పాటు బేస్‌బాల్‌కూ చోటిచ్చిన పట్టణమిది. ఉద్యోగం చేస్తూ ఆడేవారు మైదానంలో కుర్రవాళ్లతో పోటీపడాలి, మర్నాడు డ్యూటీకి క్షేమంగా వెళ్లాలి.

ముప్పై దాటాక కండరాలు మెల్లగా తగ్గుతాయి. వాటిలో చురుగ్గా సంకోచించే పోగులే ముందుగా క్షీణిస్తాయి. అందుకే మోయగల బరువు కన్నా బ్యాట్ తిప్పే వేగం త్వరగా పడిపోతుంది. అయితే ఈ నష్టాన్ని చాలావరకు పూడ్చుకోవచ్చు. సగటున 90 ఏళ్ల వయసున్న వృద్ధులపై 1990లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో, 8 వారాల బరువుల వ్యాయామంతో కాలి కండరాల బలం రెట్టింపుకు మించింది. వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడం నలభైల్లోని ఆటగాడికీ మేలు చేస్తుంది.

ప్రతిస్పందన నెమ్మదించినా అనుభవం ఆదుకుంటుంది. 19 నుంచి 72 ఏళ్ల టైపిస్టులను పరిశీలించిన మనస్తత్వవేత్త తిమోతీ సాల్ట్‌హౌస్ 1984లో ఒక ఆసక్తికరమైన విషయం చెప్పారు. పెద్దవారి వేళ్లు నెమ్మదించినా, రాబోయే అక్షరాలను మరింత ముందుగా చూసుకుంటూ వేగాన్ని నిలుపుకొంటున్నారు. బ్యాటర్ కూడా అంతే. పిచ్చర్ భుజం కదలిక, బంతి చేయి వదిలే కోణం గమనిస్తే నిర్ణయం ముందే మొదలవుతుంది.

దీనికి పెద్ద అడ్డంకి నిద్రలేమి. 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన పరిమితి 0.03 శాతమే. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా మైదానానికి వెళ్తే బంతి ముఖానికి తగిలే ప్రమాదం పెరుగుతుంది. అదే అలసటతో తిరిగి ప్లాంటులోకి అడుగుపెట్టడం ఇంకా ప్రమాదకరం. ముందు నిద్ర, తర్వాతే సాధన.

చేయి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు కండరాలంత త్వరగా బలపడవు. కాబట్టి విసిరే బంతుల సంఖ్యను వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. భుజంలో నొప్పి ఉంటే విసరడం ఆపాలి. భిలాయి వేసవి ఎండలకు శరీరం అలవాటు పడటానికి కూడా ఒకటి రెండు వారాలు పడుతుంది.

2007లో జూలియో ఫ్రాంకో 48 ఏళ్ల వయసులో అమెరికా మేజర్ లీగ్‌లో హోమ్ రన్ కొట్టాడు. అందరూ ఫ్రాంకోలు కాలేరు. కానీ వయసు వేగాన్ని ఎంత తగ్గిస్తుందన్నది కొంతవరకు మన సాధన, విశ్రాంతి మీదే ఆధారపడి ఉంటుంది.