శిథిలాలయాలకు రెండు రోజుల కుటుంబ యాత్ర

సెలవు దొరికినప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలన్న కోరిక సహజమైనది. అయితే మన యాత్రలలో తిరగడం ఎక్కువ, చూడడం తక్కువ. కొన్నేళ్ళ క్రితం మేము ఒక్క రోజులో ఐదు స్థలాలు చూడాలని హైదరాబాదు నుండి ఓరుగల్లుకు బయలుదేరాము. రాత్రి ఇల్లు చేరిన తరువాత "ఏమేమి చూచావు నాయనమ్మా?" అని అడిగితే, "బండి కిటికీ చూచాను నాయనా" అన్నది మా నాయనమ్మ. ఆ లోపం ఆమె వయస్సుది కాదు, మా ప్రణాళికది. ఆ అనుభవం నేర్పిన పాఠమే ఈ వ్యాసం.

శిథిలాలయం చూచుటకు ఒక క్రమం ఉన్నది. నిండుగా నిలిచిన ఆలయాన్ని ముందు చూచిన కన్నే, కూలిన ఆలయాన్ని చదువగలదు. లేనిచో అది పిల్లలకు రాళ్ళగుట్ట, పెద్దలకు కాళ్ళనొప్పి. కాకతీయుల కట్టడాలు ఈ క్రమానికి చక్కగా అమరుతాయి.

శనివారం తెల్లవారుజామున 5 గంటలకు హైదరాబాదు విడిచినచో, ఓరుగల్లు, ములుగుల మీదుగా, ఎండ ముదరకముందే పాలంపేట చేరవచ్చును. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప దేవాలయం ఇక్కడే ఉన్నది. 2021లో దీనికి ప్రపంచ వారసత్వ స్థానం లభించినది. ఇసుక నింపిన పునాదిపై, నక్షత్రాకారపు ఎత్తైన వేదికపై ఆలయం నిలిచియున్నది. గోడలకు ఎర్రని ఇసుకరాయి, స్తంభాలకూ మదనికల విగ్రహాలకూ నల్లరాయి వాడినారు. శిఖరానికి మాత్రం బరువు తగ్గించుటకై తేలిక ఇటుకలు వాడినారు. వేదిక, మండపం, స్తంభం, గర్భగుడి, శిఖరం: ఈ అయిదింటిని పిల్లలచేత వ్రేళ్ళపై లెక్కింపజేయండి. మధ్యాహ్నం వేళకు ఈ పాఠం వారికి అక్కరకు వస్తుంది.

చెరువు గట్టున భోజనం చేసి, ఎండ తగ్గిన పిమ్మట సమీపంలోని ఘనపురం కోటగుళ్ళకు వెళ్ళాలి. ఒకే ప్రాకారంలో చిన్నవీ పెద్దవీ కలిపి 22 గుళ్ళు ఉన్న ఆవరణ ఇది. అనేకం కూలిపోయినవి. కొన్నిటికి శిఖరం లేదు, కొన్నిటికి కప్పు లేదు. ఉదయం లెక్కించిన అయిదింటిలో ఇక్కడ ఏది మిగిలినదో, ఏది పోయినదో పిల్లలే వెదకి చెప్పగలరు. రాత్రి బస హనుమకొండలో చేయుట మేలు.

ఆదివారం ఉదయం అక్కడి వేయి స్తంభాల గుడి చూడాలి. 1163లో రుద్రదేవుడు శివ, విష్ణు, సూర్యులకు కట్టించిన త్రికూటాలయమిది. దీని కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విడదీసి, తిరిగి నిలబెట్టి, 2024లో తెరిచినారు. కూలినదానిని కూర్చుట ఎంత ఓపికతో కూడిన పనియో ఇక్కడ తెలుస్తుంది.

చివరిది ఓరుగల్లు కోట. 1323లో ఢిల్లీ సైన్యం కోటను జయించిన పిమ్మట స్వయంభూ శివాలయం నేలమట్టమైనది. నలుదిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలిచినవి. వాటి నడుమ చెదరిన శిల్పాలను చూచినప్పుడు, లేని ఆలయాన్ని మనస్సులో కట్టుకొనుటకు రామప్ప తోడ్పడుతుంది. దగ్గరలోనే తరువాతి కాలపు ఖుష్ మహల్ ఉన్నది. దానిని కూడా చూచి, సూర్యాస్తమయానికి ముందే తిరుగు ప్రయాణం కట్టవచ్చును.

కొన్ని జాగ్రత్తలు అవసరం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. పూజ జరిగే గుడులలో చెప్పులు విడువవలసి ఉంటుంది, మిట్టమధ్యాహ్నం రాతిపై పాదాలు కాలుతాయి. కాబట్టి మేజోళ్ళు వెంట ఉంచుకోవాలి. నీరు, పులిహోర గాని రొట్టెలు గాని ఇంటినుండే తేవాలి. వృద్ధులకు ఒక చాప, ప్రతి చోటా అరగంట విశ్రాంతి తప్పనిసరి. సొంత బండి లేనివారు కాజీపేట లేక వరంగల్లు వరకు రైలులో వచ్చి, ములుగుకు బస్సు పట్టుకొనవచ్చును. శిల్పాలను తాకరాదు, గోడలపై పేర్లు చెక్కరాదు.

మన కళాశాల విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి గులాం యజ్దానీ. అరబీ, పారసీ శాసనాలలో పండితుడైన ఆయన పాలంపేట దేవాలయాలపై వ్రాసిన గ్రంథం 1922లో వెలువడినది. కూల్చిన చేతులూ చరిత్రలో ఉన్నవి, కాపాడిన చేతులూ ఉన్నవి. మనం ఏ చేతుల వారసులమో ఎన్నుకొనుట మన వంతు.

మొన్నటి చలికాలం ఈ క్రమంలోనే మళ్ళీ వెళ్ళాము. నాయనమ్మ ఘనపురంలో ఒక విరిగిన స్తంభం ముందు చాలాసేపు కూర్చున్నది. ఈసారి మేము అడుగలేదు. ఆమే చెప్పినది: "దీనిమీద కప్పు ఉండేది కదూ."