పాత కారుకు కొత్త నిప్పురవ్వ

పొలంలో దడదడలాడే ఆయిలింజనుకు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు అలా కుదరదు. సరైన క్షణంలో ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీయాలి. ఆ ఏర్పాటు పేరే ఇగ్నిషన్. పాత కార్లలో దీన్ని ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చుకుంటే వచ్చేదేమిటి, పోయేదేమిటి అన్నదే ఈ వ్యాస విషయం.

మన అంబాసిడర్‌నే తీసుకుందాం. 2014లో ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయింది గాని, అక్కడక్కడ ఇంకా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరుకు ఒక రవ్వ కావాలి. నిమిషానికి 3000 చుట్ల వేగంలో లెక్కవేస్తే నిమిషానికి 6000 రవ్వలు, అంటే సెకనుకు 100! బ్యాటరీలో ఉన్నవేమో 12 వోల్టులు. ప్లగ్గు సందులో రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. అవి ఎక్కడినుంచి వస్తాయి?

పంపుసెట్టు పైపులో నీళ్ళు జోరుగా పారుతుండగా చివర వాల్వును ఒక్కసారిగా మూసి చూడండి. పైపంతా అదిరిపోతుంది. పారే నీటికి ఉన్న ఊపు ఒక్కసారిగా ఒత్తిడిగా మారుతుంది. కాయిల్లో జరిగేదీ దాదాపు ఇదే. తక్కువ చుట్లున్న తీగలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కరెంటును తటాలున ఆపగానే ఆ క్షేత్రం కూలి, వేల చుట్లున్న రెండో తీగలో వేల వోల్టులు పుడతాయి. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. 1910 ప్రాంతంలో అమెరికాలో కెటరింగ్ దీన్ని కాడిలాక్ కారుకు అమర్చాడు.

తటాలున ఆపే పని పాత కార్లలో 'పాయింట్లు' చేస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే క్యామ్ వాటిని తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. 3000 చుట్ల వేగంతో ఒక గంట నడిస్తే పాయింట్లు 3 లక్షల 60 వేల సార్లు తెరుచుకుంటాయన్నమాట! కండెన్సర్ ఎంత కాపాడినా చిన్న మంట రేగి వాటి ముఖాలు గుంటలు పడతాయి. క్యామ్‌ను రాసుకునే మడమ అరిగి సందు తగ్గుతుంది; రవ్వ ఆలస్యమవుతుంది. బండి లాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తెల్లవారుజామున మొరాయిస్తుంది. అందుకే మెకానిక్కు మాటిమాటికీ ఎమెరీ పేపరుతో రుద్ది, ఫీలర్ గేజితో సందు సరిచేయాలి.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో రాసుకునేదీ అరిగేదీ ఉండదు. 1879లో హాల్ అనే పరిశోధక విద్యార్థి, కరెంటు పారే పలుచని రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే అడ్డంగా స్వల్ప వోల్టేజి పుడుతుందని కనుగొన్నాడు. ఇప్పుడు దొరికే కిట్లు కొన్నిటిలో అయస్కాంతాలున్న రింగు క్యామ్ మీద కూర్చుంటుంది. అది దాటినప్పుడల్లా హాల్ సెన్సర్ పసిగడుతుంది, ట్రాన్సిస్టర్ కరెంటును తెంపుతుంది. పాయింట్లు, కండెన్సర్ పోతాయి. కాయిల్, రోటర్, మూత అలాగే ఉంటాయి. క్రైస్లర్ కంపెనీ 1973లోనే తన అమెరికా కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది.

అయితే బిగించేముందు కొన్ని జాగ్రత్తలు. పాత బ్రిటిష్ కార్లు కొన్నిటిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. నెగెటివ్ ఎర్త్ కిట్టును దానికి కలిపితే మాడిపోతుంది. కాయిల్ నిరోధం కిట్టు కోరినంత ఉండాలి. 12 వోల్టులకు 3 ఓములుంటే 4 ఆంపియర్లు పారతాయి, 1.5 ఓములైతే 8! ఓమ్ సూత్రం పరీక్షలకే కాదు కదా. మామూలు రాగి ప్లగ్గు తీగల బదులు రేడియో గోలను అణిచే తీగలు వాడాలి. ఇంజను ఆగి ఉండగా తాళం 'ఆన్'లో వదలకూడదు. చివరగా, స్ట్రోబ్ లైటుతో టైమింగ్ మళ్ళీ చూసి తీరాలి.

దీనితో గుర్రపు బలం కొత్తగా పెరుగుతుందనుకోవద్దు. పాయింట్లు అరిగి పోగొట్టిన బలం తిరిగొస్తుంది, అంతే.

ఇదంతా చెబితే మా నాన్న అడిగింది ఒక్కటే: "దారిలో ఆగిపోతే ఎవడు బాగుచేస్తాడ్రా?" న్యాయమైన ప్రశ్నే. పాయింట్లు చెడితే ముందుగా తెలుస్తుంది, చెట్టుకింద మెకానిక్కయినా గీకి నడిపిస్తాడు. ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే చెప్పకుండా చెడుతుంది, విప్పినా లోపల సరిచేసేదేమీ ఉండదు. కొత్త పరికరంతోపాటు మరొకరి మీద ఆధారపడటమూ ఇంటికొస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. మార్చండి, కాని తీసిన పాయింట్ల ప్లేటును, కండెన్సర్‌ను గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. వాటిని తిరిగి బిగించడం మీరే నేర్చుకోండి. రోజూ తిరిగే బండికి కిట్టు మేలు. నెలకొకసారి బయటికి తీసే బండికైతే పాయింట్లు చాలు. వాటికి కావలసిందల్లా ఒక ఫీలర్ గేజి, ఓపిక గల ఒక చేయి.